రన్‌వే మీద రెండు పంచెలు

బిలాస్‌పూర్ శివార్లలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉంది. దానికి చౌకీదారు ఎర్రయ్య. శ్రీకాకుళం నుంచి కూలికొచ్చిన అతని తండ్రి, దొరల యుద్ధం కోసం అక్కడ రాళ్లు కొట్టి పరిచాడు. కొడుకేమో పదకొండేళ్లుగా అక్కడే రాళ్లు ఏరుతున్నాడు, గులకరాయి ఎగిరి తగిలినా విమానం పాడవుతుందని. సైన్యంవాళ్లు ఏడాదికి నాలుగుసార్లు దిగితే గొప్ప. ఎర్రయ్య ఊడ్పు చూస్తే మాత్రం రోజూ దిగుతున్నారనుకోవాలి! మరి దినకూలీని పర్మనెంటు చేసే కాగితం వచ్చే నెలే సంతకానికి వెళ్తోంది.

1987 మే నెల. మిట్టమధ్యాహ్నం హవల్దారు జీపులో దూసుకొచ్చాడు. చిన్న సైనిక విమానం ఒకటి దారిలో మొరాయించిందట, ఇక్కడే దింపుతారట, పావుగంటలో అంతా ఖాళీ చెయ్యాలట. ఎర్రయ్య కర్ర పుచ్చుకుని తూర్పు చివరనున్న గేదెల మీద పడ్డాడు. ఆఖరి గేదె కంచె దాటేసరికి విమానం వచ్చేసింది. దిగబోయి, ఒక్కసారిగా పైకి లేచిపోయింది. చుట్టు తిరిగొచ్చి మళ్లీ అంతే. ఇంజను దగ్గుతోంది.

"ఉతర్తా క్యోం నహీ?" దిగడేమని హవల్దారు జుట్టు పీక్కుంటున్నాడు. జీపులో వైర్‌లెస్ లేదు, పైవాణ్ణి అడిగే దారి లేదు.

ఎర్రయ్య పడమటివైపు చూశాడు. రన్‌వే నడుమ తెల్లగా ఏదో ఉంది. యుద్ధంలో దిగొద్దని చెప్పడానికి తెల్లగుడ్డలు రెండు ఇంటూ గుర్తులా నేలమీద పరిచేవారని తండ్రి చెప్పేవాడు. ఆ కబురు ఎర్రయ్య టీకొట్లో వందమందికి చెప్పాడు, పెళ్లానికి తప్ప.

అవి ఆ పెళ్లాం మంగాయమ్మ ఆరేసిన పంచెలు. గాలికి ఎగరకుండా బరువు పెడదామంటే ఈయనగారు రాళ్లు మిగిలిస్తేగా! ఎక్కడో దొరికిన ఒక్క రాయితో సరిపెట్టాలని, ఒకదాని మీద ఇంకొకటి అడ్డంగా వేసి నడుమ ఆ రాయి పెట్టింది పాపం.

చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు. కాలే తారు మీద పరిగెత్తి, పంచెలూ రాయీ గుంజుకుని ఎర్రయ్య గడ్డిలో పడ్డాడు. విమానం అతని పక్కనుంచే దిగింది.

పైలటు చెమట తుడుచుకుంటూ ఒకటే అడిగాడు, ఆ గుర్తు పెట్టిందెవరని.

మంగాయమ్మ ముందుకొచ్చింది. ఎర్రయ్య ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "మైనే, సాబ్, నేనే. పంచెలు నాయే."

పర్మనెంటు కాగితం సంతకం కాకుండానే తిరిగొచ్చింది. ఆ రోజు మంగాయమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

"నా తప్పు నీ నెత్తిన ఎందుకేసుకున్నావు మావా?"

"నీ తప్పేటే? ఊరందరికీ సెప్పినోణ్ణి, నీకు సెప్పనేదు."

"ఇప్పుడైనా సెప్పు," అంది.

ఎర్రయ్య ఆ రెండు పంచెలే తెచ్చి గుమ్మం ముందు ఇంటూ గుర్తులా పరిచాడు.