నా కేకకు నడిచిన ఎడ్లు

ఆ రోజుల్లో గుండె దడదడలాడాలంటే ఎవరూ టికెట్టు కొనుక్కుని వరసలో నిలబడేవారు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, మొన్న ఆదివారం మా మనవరాలు గచ్చిబౌలి దగ్గరెక్కడో ఇనుప మంచె ఎక్కి, నడుముకు తాడు కట్టించుకుని తలకిందులుగా దూకి, ఇంటికొచ్చి రెండు గిన్నెల పెరుగన్నం తిన్నది. వారంలో అయిదు రోజులు ఏసీ గదిలో కుర్చీ కదలకుండా పనిచేసే పిల్ల. మూతి తుడుచుకుంటూ, "అడ్రినలిన్ రష్ అంటే ఏందో నీకు తెల్వదు తాతా. పాపం, మీ కాలంల అసలు థ్రిల్లే లేకుండె" అన్నది. ఆ "పాపం" నాకు గుచ్చుకుంది. వయసు మీదపడ్డవాణ్ని ఏమన్నా అనండి, కానీ పాపం అనకండి. అందుకే ఇది రాస్తున్నాను.

నవాబు రాజ్యం పోయి ఏడాది తిరగని రోజులవి. పెద్దవాళ్ల గుండెలు అదరడానికి అంతకుముందే కావలసినన్ని కారణాలు వచ్చి పోయాయి. వాటి జోలికి నేను పోను. నేను చెప్పేది మనుషులు కోరి తెచ్చుకునే దడ సంగతి. మేముండేది మూసాపేట, మా మేనమామది నల్లగండ్ల. నడుమ ఈ అద్దాల మేడలేవీ లేవు. మేతకొచ్చి అక్కడే పడుకుండిపోయిన ఏనుగుల్లాంటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, అంతే. నల్లగండ్లలో ఒక్కొక్కరిది ఒక్కో రకం దడ. మా అత్త ఒక రహస్యాన్ని పక్కింటామె చెవిలో వేసి, "ఎవ్వలకు చెప్పకు" అని ఒట్టు వేయించుకుని, అది పొద్దుగూకేలోగా ఊరు చుట్టి తన దగ్గరికి వస్తుందా రాదా అని గడపలో కూర్చుని ఎదురుచూసేది. వాళ్ల పక్కింట్లో ఒక ముసలవ్వ పదిమంది చుట్టాల నడుమ భోజనానికి కూర్చుని, "కూరల ఉప్పు లేదు" అని గట్టిగా అనేసి, కోడలి చేతిలో గరిటె ఏ పక్కకు లేస్తుందోనని మెరిసే కళ్లతో చూసేది. మా మామకు ఇలాంటి చిన్న చిన్న దడలు ఆనేవి కావు. వాలు బండ కొసన, ఒక్క పొర్లు పొర్లితే కింద ఉండే చోట, మధ్యాహ్నం నిద్ర తీసేవాడు. లింగంపల్లి స్టేషన్‌కు పోయి, కదిలిపోయే గూడ్సు బండిని బర్రెను చరిచినట్టు చరిచి వచ్చేవాడు. "రోజుకొక్కపారన్న గుండె జల్లుమనకుంటే తిన్న బువ్వ అరగదిరా అల్లుడా" అనేవాడు. ఊరంతా ఆయన్ను దడమామ అనేది.

అన్నిటికన్నా పెద్ద దడ ఆయనకు మోట దగ్గర ఉండేది. మోట చూడనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. బావి అంచున గిరక, గిరక మీద మోకు, మోకుకు ఒక కొసన పెద్ద ఇనుప బొక్కెన, రెండో కొసన ఎడ్ల కాడి. బొక్కెన అడుగున తోలుతో కుట్టిన గొట్టం ఉంటుంది, దాన్ని తొండం అంటారు. ఎడ్లు వాలు దారి వెంట కిందికి నడిస్తే బొక్కెన నీళ్లతో పైకొచ్చి, తొండం గుండా తొట్టిలోకి కుమ్మరిస్తుంది. ఎడ్లు వెనకడుగులు వేస్తూ గట్టు మీదికి వస్తే బొక్కెన మళ్లీ బావిలోకి దిగుతుంది. ఎడ్లు లాగేటప్పుడు మోట కొట్టే మనిషి మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. అందరూ కూర్చుంటారు, మా మామ నిలబడేవాడు. ఆయన ఎడ్లు రాముడు, లచ్చుడు. వాటికి పగ్గం లేదు, ముల్లుకర్ర లేదు. మామ గొంతెత్తి రాగం తీస్తే కిందికి నడిచేవి. రాగం సాగినంతసేపు మోకు బిగబట్టి నిలిచేవి. రాగం తెగిందా, మారుమాట లేకుండా వెనక్కి నడిచేవి. "నా ఎడ్లకు మనిషితోని పనిలేదు. గొంతు చాలు. ఎవ్వని గొంతన్న సరే" అని మామ మీసం దువ్వేవాడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

మామకు ఒక్కతే కూతురు. వరసకు నాకు మరదలు. మా అమ్మ ఆ పిల్లను ఉయ్యాలలో చూసినప్పటి నుంచే కోడలా అని పిలిచేది. నేనప్పటికి పట్నంలో ఒక కలప డిపోలో కొత్తగా గుమాస్తాగా చేరాను. మరదలు తొట్టి దగ్గర పార పట్టుకుని, నీళ్లు ఏ మడికి పోవాలో ఆ మడికి మళ్లించే తీరు చూడడానికే, సెలవు దొరికినప్పుడల్లా ఆ బండల నడుమ నుంచి నల్లగండ్లకు నడిచేవాణ్ని. (మామ ఆరోగ్యం కనుక్కుని వస్తానని మా అమ్మతో చెప్పేవాణ్ని. ఆయనకు జలుబు కూడా చేసేది కాదు.) అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా మామ మెలిక పెట్టాడు. లింగంపల్లి స్టేషన్‌లో పనిచేసే ఒకడు కదిలే రైలు ఎక్కి, కదిలే రైలు దిగడం ఆయన కంటపడింది.

"మేనల్లునివైతే ఏందిరా? నా బిడ్డను గుండెకాయ ఉన్నోనికిస్త. దసరా లోపల ఆ రైలోనికి మాట ఇచ్చేద్దామనుకుంటున్న" అన్నాడు.

మరదలు పక్కనే ఉంది. ఇక నా నోరు నా చేతిలో లేదు. ఆ మధ్య పట్నానికి ఒక తమాషా వచ్చింది. కొయ్య పలకలతో బావిలా కట్టిన గోడ మీద ఒకడు మోటారు సైకిలు గిర్రున తిప్పుతాడు, మౌత్ కా కువా, అంటే చావుబావి, అనేవారు. "మామా, ఆ మోటారు సైకిలు ఎనుక కూసుని తిరిగింది ఎవరనుకున్నవు? నేనే. రెండు చేతులు ఇడిసిపెట్టి" అన్నాను. (నేను పైన జనంలో నిలబడ్డాను. మొదటి చుట్టుకే కళ్లు మూసుకుని, బయట జిలేబీ వాసన తగిలాక తెరిచాను.)

మామ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "గట్లనా! ముందుగాల్ల చెప్పొద్దురా! బావి గోడ మీద తిరిగినోనికి బావిల దిగుడు ఒక లెక్కనా? రేపు పొద్దుగాల మోటల కూసో. దిగి, నవ్వుకుంట పైకి రా. పిల్ల నీది."

"నవ్వుకుంటనే రావాల్నా మామా?"

"నవ్వకుంటే ఆ రైలోడున్నడు గద" అన్నాడు మామ. మరదలు తల వంచుకుని పారకంటిన మట్టి గీకుతోంది.

మర్నాడు పొద్దున జరిగింది జరిగినట్టు రాస్తాను. నూరు గజాల లోతున్న ఆ బావి చుట్టూ పన్నెండూళ్ల జనం పోగయ్యారు. నేను మీసం మెలేసి, బొక్కెన అంచు మీద ఒంటికాలితో నిలబడి, "ఇడువు మామా!" అని గర్జించి, పాతాళానికి దిగి, అక్కడ పడగ విప్పిన నాగుపామును ఎడమ చేత్తో...

(పక్క గదిలోంచి దగ్గు. నేను పైకి చదువుకుంటూ రాస్తాను, మా ఆవిడ మంచం మీద నుంచి వింటుంది. సరే, ఎడమ చేత్తో కాదు.)

...కుడి చేత్తో...

(మళ్లీ దగ్గు. ఈసారి పొడుగ్గా.)

సరే. పాము లేదు, కప్ప ఉంది. జనం లేరు, మామ, మరదలు, రెండు ఎడ్లు. బావి మూడు నిలువుల లోతు ఉంటుందేమో. మెలేయడానికి నాకప్పటికి మీసం కూడా సరిగా రాలేదు. మామ రాగం తీసి బొక్కెనను పైన ఆపి ఉంచితే, నేను మరదలి వైపు చూడకుండా అందులో దిగాను. దిగీ దిగగానే కాళ్లు రెండూ తొండంలోకి జారిపోయి, సగం తొడుక్కున్న పైజామాలో ఇరుక్కున్నవాడిలా వేలాడాను. మామ రాగం ఆపాడు. రాముడు, లచ్చుడు వెనక్కి నడిచాయి. ఆకాశం రొట్టెంత అయింది, తర్వాత రూపాయంత అయింది. దిగేటప్పుడు నేను కిక్కురుమనలేదు. అది ధైర్యం కాదు, నాలుక అంగిట్లో అతుక్కుంది. అంతలో పొద్దుటి చన్నీళ్లు నడుము దాకా తగిలాయి. పైగా కప్ప.

అప్పుడు నేను పెట్టిన కేక నా జన్మలో మళ్లీ పెట్టలేదు. అది బావి గోడలకు కొట్టుకుని, గుండ్రంగా తిరిగి, రాగమై పైకి పోయింది. ఎడ్లు విన్నాయి. మామ ఇంకా నోరు తెరవనే లేదు, అవి కిందికి నడవడం మొదలుపెట్టాయి. నేను కేక మీద కేక వేస్తూ, బొక్కెనెడు నీళ్లతో సహా పైకొచ్చాను. వెలుతురు తగిలింది. తొండంలోంచి నా కాళ్లను తోసుకుంటూ నీళ్లు తొట్టిలో పడ్డాయి. ఎదురుగా మరదలు. మామ షరతు గుర్తొచ్చింది. నవ్వాలి. నవ్వాలంటే కేక ఆపాలి కదా! ఆపి, పళ్లన్నీ కనబడేలా నవ్వాను. రాగం తెగిందనుకుని ఎడ్లు వెనక్కి నడిచాయి. ఆ నవ్వు ముఖంతోనే నేను మళ్లీ బావిలోకి దిగాను.

కింద చన్నీళ్లు, కేక. పైన వెలుతురు, నవ్వు. మళ్లీ కింద. "మామా, ఆపు!" అని అరుస్తాను, అరుపు వింటే ఎడ్లు నడుస్తాయి. జవాబు కోసం ఒక్క క్షణం ఆగుతాను, అవి వెనక్కి నడుస్తాయి. మామ ఒక్క రాగం తీసి పట్టుకుంటే నేను బయటపడేవాణ్ని. కానీ ఆయన నా రెండో నవ్వు చూసినప్పుడే మోకు పక్కన కూలబడ్డాడు, మూడో నవ్వుకు వాలు దారి మీద కడుపు పట్టుకుని పొర్లుతున్నాడు. తలరుమాలు ఊడి కాలువలో కొట్టుకుపోతోంది. రాగం తీయబోయి నోరు తెరిస్తే నవ్వే వస్తోంది. రాముడు, లచ్చుడు మాత్రం ఎంతో శ్రద్ధగా, కొత్త పాటగాడికి లోటు రాకుండా పనిచేస్తున్నాయి.

నా గొంతు బొంగురుపోయి, నీళ్లు తగిలినా కేక రాని దశకు వచ్చినప్పుడు, మరదలు పార కింద పెట్టింది. బావి గట్టుకొచ్చి వాళ్ల నాయన రాగమే అందుకుంది. ఎడ్లు నడిచాయి, నేను పైకొచ్చాను. ఆమె ఊపిరి తిప్పుకోకుండా పాడుతూనే, నా రెండు చేతులూ పట్టి లాగింది. బురదలోంచి చెప్పు ఊడివచ్చినట్టు తొండంలోంచి ఊడివచ్చాను. (ధోవతి తొండంలోనే ఉండిపోయింది. దగ్గు వినబడకముందే ఒప్పుకుంటున్నాను.) మామ గొంగడి చుట్టుకుని వణుకుతూ అడిగాను.

"గీ పాటేదో ముందుగాల్నే పాడరాదా పిల్లా?"

"ఇంకో మడి ఉండె."

"ఏందీ?"

"వంకాయ మడి తడవలే బావా. నాయినొక్కడే కొడితే పొద్దు నెత్తి మీదికొస్తుండె. నువ్వు మంచిగ కొడుతుంటివి" అని పార భుజాన వేసుకుని పోయింది.

ఇంకేం మిగిలింది? నవ్వుకుంటూ రమ్మంటే ఏడ్చుకుంటూ వచ్చాను. గొంగడితోనే మూసాపేట దారి పట్టాను. ఆ బండల నడుమ నడుస్తుంటే, ఇక ఈ దారిన వచ్చే పని లేదు కదా అనిపించి, కళ్లు తుడుచుకోవడానికి ఒకచోట ఆగాను. వెనక నుంచి మామ ఎగరొప్పుకుంటూ వచ్చి పట్టుకున్నాడు.

"ఏడికిరా నా గొంగడితోని?"

"ఓడిపోయిన గద మామా. మోటారు సైకిలు ముచ్చట కూడ ఉత్తదే. కండ్లు మూసుకుని నిలబడ్డ."

"గది నాకు నిన్ననే ఎర్కరా" అన్నాడు మామ, బండకు ఆనుకుని, ఇంకా కళ్లు తుడుచుకుంటూ. "జర ఇను. ఆ రైలోడున్నడు సూడు, వానికి భయమే లేదు. భయం లేనోనికి దడ ఏడికెల్లి వస్తది? ఉట్టిగ ఎక్కుతడు, ఉట్టిగ దిగుతడు, ఎడ్డి మొకం. నీకు కప్పను సూసినా దడనే. గంత భయం పెట్టుకోని బావిల దిగినవంటే నీ అంత గుండె ఎవ్వనికున్నదిరా? ఇన్నేండ్లసంది మోకు మీద నిలబడుతున్న, నాకియ్యాల అయినట్టు ఎన్నడు గాలే. నవ్వి నవ్వి పానం పోతదనుకున్న! నువ్వు ఇంట్ల ఉంటే నాకింక బండల మీద పండే ఫికరుండది."

పెళ్లి బండికి రాముణ్ని, లచ్చుణ్నే కట్టారు. దారి పొడుగునా నేను నోరు విప్పలేదు. కొత్త పెళ్లికొడుకు ఎంత బుద్ధిమంతుడని ఊరంతా మెచ్చుకుంది.

ఇదంతా చదివి వినిపిస్తే మనవరాలు పొట్ట పట్టుకుంది. "నానమ్మా, మరి నీ థ్రిల్లేంది?" అని అడిగింది. మా ఆవిడ, అంటే ఆ పార పట్టిన మరదలే, తడుముకోకుండా చెప్పింది. "మీ తాత నలుగురిల నోరు తెరుస్తడు సూడు. ఇప్పుడేం కోస్తడో, ఏడ దొరుకుతడో అని నా గుండె జల్లుమంటది. లగ్గమైనకాన్నుంచి రోజు మోటల దిగినట్టే ఉన్నది బిడ్డా."

మేమిప్పుడు ఉంటున్న మనవరాలి అపార్ట్‌మెంటు నల్లగండ్లలోనే. ఆ బావి సరిగ్గా మా లిఫ్టు కిందనే ఉండేది. (దగ్గు. సరే, రెండు వీధుల అవతల కావచ్చు.) నిన్న సాయంత్రం నేనూ మా ఆవిడా సెల్లారు దాకా దిగి, కాసేపు నడిచి, మళ్లీ లిఫ్టెక్కాం. రెండు అంతస్తుల నడుమ కరెంటు పోయింది. చీకటి. లిఫ్టు వేలాడుతోంది. కాళ్లు తొండంలోకి జారినట్టయింది. నేను కేక పెట్టాను. అదే కేక, కాకపోతే గొంతు పాతబడింది. సరిగ్గా అప్పుడే జనరేటరు అందుకుని, లిఫ్టు పైకి కదిలింది.

"ఎడ్లు ఇన్నయి" అన్నది మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని. నేను ఊపిరి తీసుకోబోతే గట్టిగా గిల్లింది. "ఆపకు. ఆపితే మల్ల కిందికి పోతం!"

అయిదో అంతస్తు దాకా ఆపలేదు. తలుపు తెరుచుకునేసరికి మనవరాలు, ఎదురింటివాళ్లు కంగారుగా నిలబడి ఉన్నారు. వాళ్లకు కనబడింది ఒక ముసలివాడు, కేకా నవ్వూ ఒకేసారి. ఇన్నేళ్లకు అది నాకు చేతనయింది. మామ చూసి ఉండాల్సింది.