ఆటలకు మార్కులు వేసిన ఆదివారాలు

ఆ ఏడు నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని బొంబాయి కామాటిపురలో మా గల్లీ గ్రంథాలయం పెద్దాయన గోడపత్రిక రాసే పని నాకు అప్పగించాడు. పదిహేను రోజులకోసారి నాలుగు పెద్ద కాగితాలు రాసి, చెక్కపలకకు అంటించి, గ్రంథాలయం మెట్ల పక్కన తగిలించేవాళ్లం. పాలమూరు నుంచి వచ్చిన కబుర్లు, ఎవరింట పెళ్లి, ఎవరింట దినం, ఒకటో రెండో కవితలు అందులో ఉండేవి. చివరి కాగితం మాత్రం మా బావది. దాని పేరు 'ఆటల మార్కులు'.

బావ మా మేనమామ కొడుకు. నాకన్నా మూడేళ్లు పెద్ద. పగలు ప్లాస్టిక్ డబ్బాలు చేసే కార్ఖానాలో పని, సాయంత్రం వీడియో గేమ్ దుకాణంలో మకాం. మా గల్లీ మొదట్లో ఐదు యంత్రాలతో ఒక దుకాణం కొత్తగా వెలిసింది. నాగ్‌పాడా వైపు నాలుగు యంత్రాలతో ఇంకొకటి ఉండేది. దుకాణంలో బిళ్ల కొని యంత్రంలో వేస్తే ఒక ఆట. ఏ ఆట ఎలా ఉందో బావ నాలుగు ముక్కలు రాసి, పక్కన పదికి ఇన్ని అని ఎర్ర సిరాతో అంకె వేయమనేవాడు. గదికో కుటుంబం ఉండే మా చాళ్లలో పెరిగిన పడుచువాళ్లలో సగం మందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు. వాళ్లు పలక దగ్గరికి వచ్చి ఆ ఎర్ర అంకె చూసి వెళ్లిపోయేవాళ్లు. మిగతా కాగితాలన్నిటి కన్నా ఆ అంకె దగ్గరే జనం ఎక్కువ.

ఒకరోజు పలక తగిలిస్తుంటే వెనక నుంచి ఒకాయన గట్టిగా నవ్వాడు. రెండో గల్లీలో కుర్చీలకు బెత్తం అల్లే పనివాడు. ముప్పై ఏళ్లుంటాయి.

"తొమ్మిదంట తొమ్మిది! ఆ విమానాల మిషన్ల ఆట నడిపే డండా ఎడమకు తిరగనే తిరగదు టీచరమ్మా. నేను పెట్టిన బిళ్లలన్నీ దానికే పాయె."

ఇంటికి వెళ్లి పాత పత్రికలు తిరగేశాను. మా గల్లీ దుకాణంలోని ఐదు యంత్రాలకూ తొమ్మిదే. నాగ్‌పాడా దుకాణానికి నాలుగు, మహా అయితే ఐదు. ఇన్నాళ్లూ ఆ అంకెలు నా చేత్తోనే రాశాను, ఒక్కసారీ ఆగి చూడలేదు. నాకు సిగ్గేసింది.

మర్నాడు బావను అడిగాను.

"బావా, ఆ విమానాల ఆట డండా ఎడమకు తిరగదంట గదా?"

"జర గట్టిగ కొట్టాలె. అలవాటైతే తిరుగుతది."

"మరి తొమ్మిదెందుకేసినవ్?"

"మస్తుంటది గాబట్టి ఏసిన."

"దుకాణం సేఠ్ నీకు బిళ్లలు ఊకెనే ఇస్తడా?"

బావ ముఖం ఎర్రబడింది. "ఇస్తడు. దోస్తీల ఇస్తడు. అయితే? నేను అమ్ముడుపోయిన మనిషినా నీ లెక్కల?"

అమ్ముడుపోలేదు. అది నాకు తెలుసు. అతనికి ఆ ఆట నిజంగానే ఇష్టం. కానీ డండా తిరగక విమానం కూలితే బెత్తం పనివాడికి ఒక బిళ్ల పోతుంది. బావకు ఇంకో బిళ్ల వస్తుంది. ఊరికే ఆడేవాడికి ఓటమి నొప్పి తెలియదు. ఈ సంగతి నేను బడిలోనే నేర్చుకున్నాను. రోజూ నా బల్ల తుడిచిపెట్టే ఒక పిల్లకు తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ వేస్తున్నానని ఒకసారి నాకే పట్టుబడింది. అప్పటి నుంచి పేరున్న మొదటి పేజీ మడిచిపెట్టి పేపర్లు దిద్దేదాన్ని.

గ్రంథాలయం పెద్దాయన ఒకప్పుడు ప్రెస్సులో అక్షరాలు పేర్చినవాడు. సంగతంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"తప్పు పట్టినవ్, మంచిదే. ఇగ నువ్వే రాయి."

"నాకు ఆడుడే రాదు తాతా!"

"నేర్చుకో. పిల్లలకు చెప్తలేవా, అట్లనే."

అదే పూట కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నాం. మార్కులు ముగ్గురు వేయాలి. ముగ్గురూ సొంత బిళ్లలతోనే ఆడాలి. ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. పదికి ఐదంటే 'పరవాలేదు' అని అర్థం, ఐదు వేయడానికి ఎవరూ మొహమాటపడకూడదు. ఇక అంకె ఎర్రగా పక్కన ఉండదు, రాసిందంతా అయ్యాక చివర్లో 'ఆరు' అనో 'ఏడు' అనో తెలుగు మాటల్లోనే ఉంటుంది. చదివినవాళ్లకే మార్కు దొరుకుతుంది.

బెత్తం పనివాడు వెంటనే ఒప్పుకున్నాడు. మూడో మనిషి కోసం వెతుకుతుంటే మా అమ్మ అడ్డుపడింది. అమ్మ ఇరవై ఏళ్లుగా కట్టడాల దగ్గర ఇటుకలు మోసిన మనిషి. ఆదివారం ఒక్కటే సెలవు.

"మొగోళ్ల నడుమ నువ్వొక్కదానివే పోతవా? నేనూ వస్త."

"వస్తే ఆడాలె మరి."

"ఆడుత. పిల్లలాడంగ లేంది నేనాడితే ఏమైతది?"

మొదటి ఆదివారం పొద్దున మా గల్లీ దుకాణానికి వెళ్లాం. సేఠ్ గల్లాపెట్టె వెనక నుంచి లేచాడు. "బాయీ, ఇధర్ లేడీస్ నహీఁ ఆతే." ఆడవాళ్లు ఇక్కడికి రారట.

"ఇప్పుడు ఆతే" అంది అమ్మ, లోపలికి నడుస్తూ.

విమానాల ఆటలో నేను అరనిమిషం కూడా నిలవలేదు. అమ్మ నాకన్నా ముందే కూలిపోయింది. డండా నిజంగానే ఎడమకు తిరగలేదు. బెత్తం పనివాడు కసితీరా ఆడాడు, అతనికీ తిరగలేదు. బయటికి వచ్చి చీటీలు రాశాం. అమ్మకు అంకెలు రావు, ఎన్ని మార్కులైతే అన్ని గీతలు గీసింది. ముగ్గురివీ కలిపి సగటు తీస్తే నాలుగు తేలింది.

అక్కడి నుంచి నాగ్‌పాడా వెళ్లాం. అక్కడొక ఆట ఉంది. పైనుంచి పెట్టెలు పడుతుంటాయి, కింద ఒక బుట్టను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. పోనుపోను పెట్టెలు వానలా కురుస్తాయి. అమ్మ కాసేపు కన్నార్పకుండా చూసింది.

"గిదేంది, తట్టల పట్టుకునుడే గదా!"

బిళ్ల వేసింది. మొదటి ఆట ఇట్టే అయిపోయింది. రెండోది కాస్త సాగింది. మూడో బిళ్లకు అమ్మ కాళ్లు ఎడం చేసి నిలబడింది, పరంజా కింద నిలబడ్డట్టే. ఇక పెట్టెలు పడుతూనే ఉన్నాయి, అమ్మ పడుతూనే ఉంది. దుకాణంలో మిగతా ఆటలు ఆగిపోయాయి. మా వెనక జనం గుమిగూడారు. ఎవరో మరాఠీలో, పిన్నిని పిలిచినట్టు, "మావ్శీ, పైకి చూడు, పైకి చూడు" అని అరిచారు.

"పైకి చూస్తే మెడ పోతది" అంది అమ్మ తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. "ఏడ పడ్తదో ఆడ చూడాలె."

ఆట ముగిసేసరికి అందరికన్నా పై వరసలో అమ్మ అంకె నిలిచింది. పేరులోని మూడక్షరాలు ఇంగ్లీషులో వేయమని యంత్రం అడిగింది. నేను అక్షరం చూపిస్తుంటే అమ్మ మీట నొక్కింది. మూడు పడగానే అది ఆగిపోయింది.

"మిగతా పేరు ఎవరు రాస్తరు?" అని అమ్మ కోప్పడింది. దుకాణమంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఆ ఆటకు ఎనిమిది మార్కులు వచ్చాయి. నా చీటీలో తొమ్మిది వేశాను.

పత్రిక తగిలించిన రోజు మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. అంకె కనబడక పడుచువాళ్లు ఇళ్లకు పరిగెత్తి చదవడం వచ్చిన తల్లులను, అక్కలను పట్టుకొచ్చారు. ఆడవాళ్లు ఒక్కొక్క మాటా పైకి చదువుతుంటే వెనకవాళ్లు నిశ్శబ్దంగా విన్నారు. విమానాల ఆటకు 'నాలుగు' అని చదవగానే ఒక్కసారిగా గోల లేచింది. సేఠ్ ఆ సాయంత్రమే గ్రంథాలయానికి వచ్చి పెద్దాయనతో తగాదా పెట్టుకున్నాడు. బావ నాతో మాటలు మానేశాడు.

నాలుగు రోజుల తర్వాత తనే మా ఒంటిగది ఖోలీ గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. పెట్టెల ఆటకు నువ్వెంతేసినవ్?"

"తొమ్మిది."

"అత్త గెల్వకపోతే ఎంతేసేదానివి?"

నేను గుమ్మంలోని చెప్పులు సర్దసాగాను.

"నాకు సేఠ్ బిళ్లలు. నీకు మీ అమ్మ చప్పట్లు. ఫరకేంది?" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను గానీ, మర్నాడు బడిలో ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. అతను అడిగింది న్యాయం. ఆ యంత్రాన్ని అమ్మ చేతుల్లోనే చూశాను నేను. దాని గొంతు చెవులు పగిలేలా ఉంటుందని, తెర ఒక మూల మసకగా ఉంటుందని నా చీటీలో ఎక్కడా లేదు. అమ్మను అడిగితే తనే అంది, "నేనేసిన గీతలు కూడ తీసెయ్యి బిడ్డా. గెల్చినోళ్లకు ఆటెప్పుడూ మంచిగనే కొడ్తది."

తర్వాతి పత్రికలో మొట్టమొదటి వరస అదే రాశాను. పెట్టెల ఆటకు మా తల్లీకూతుళ్ల మార్కులు చెల్లవు, కారణం ఇది, తప్పు పట్టింది మా బావ, అని. ఆ ఆటకూ విమానాల ఆటకూ మళ్లీ మార్కులు వేయమని బావనే పిలిచాను. సొంత బిళ్లలతో ఆడాలి, మూసిన చీటీ ఇవ్వాలి, ఆదివారం పలక ముందు పెద్దాయన విప్పుతాడు.

బావ ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఒప్పుకున్నాడు. ఆ వారమంతా నాగ్‌పాడాలో అతన్ని చూశామని చెప్పినవాళ్లున్నారు.

ఆదివారం గల్లీ నిండిపోయింది. సేఠ్ కూడా వచ్చి ఒక పక్కగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన మొదటి చీటీ విప్పాడు.

"పెట్టెల ఆట. గొంతు ఎక్కువ, తెర మూల మసక. కానీ ఓడితే నా తప్పుతోనే ఓడిన, మిషన్ తప్పుతోటి కాదు. ఏడు."

ఎవరో ఈల వేశారు. పెద్దాయన రెండోది విప్పాడు.

"విమానాల ఆట. ఈ ఆట నాకు పానం. నా బిళ్ల పెట్టి ఆడితే ఎరుకైంది, డండా తిరగని ఆట ఆట కాదు. మూడు."

మేం వేసిన దానికన్నా తక్కువ! గల్లీ అంతా ఊగిపోయింది. బెత్తం పనివాడు బావను నడుం పట్టి పైకెత్తాడు. బావ దించమని అరుస్తూనే నావైపు చూసి నవ్వాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నెగ్గానో, అతను నెగ్గాడో తెలియలేదు. ఎవరు నెగ్గినా నాకు ఒకటే అనిపించింది.

సేఠ్ ఆ రోజు జనం మధ్య నుంచి దారి చేసుకుని వెళ్లిపోయాడు. రెండు వారాలకు కొత్త డండా బిగించి, తనే మా ఖోలీకి వచ్చాడు. "టీచర్, అబ్ ఠీక్ హై. మళ్లీ మార్కులు వెయ్యండి" అని, అమ్మవైపు తిరిగి, "అమ్మా, మీరూ రావాలె" అన్నాడు వచ్చిన కాస్త తెలుగులో.

ముగ్గురం వెళ్లాం, బావ నాలుగో మనిషిగా చేరాడు. అందరం మా బిళ్లలే వేశాం. డండా వెన్నలా తిరిగింది. పెట్టెల ఆట కాదు గనక అమ్మ త్వరగానే కూలుతుందని బావ ధీమాగా పక్కన నిలబడ్డాడు. రెండు ఆటలు కూలింది కూడా. మూడో ఆటలో బావ అంకెను దాటేసింది.

"అత్తా, ఇంకొక్కసారి! ఈసారి నేను ముందు ఆడుత" అని బావ జేబులు తడుముకున్నాడు. గుమ్మం బయట నలుగురైదుగురు ఆడవాళ్లు తొంగిచూస్తూ నిలబడ్డారు. అమ్మ వెనక్కి తిరక్కుండానే వాళ్లను చేత్తో లోపలికి రమ్మంది.