గొంగడికి అలవాటు పడ్డ దుప్పి పిల్ల

నా సర్వీసులో ఆఖరి పోస్టింగు గిద్దలూరు. కరోనా తగ్గి జనం మాస్కులు తీసేస్తున్న రోజుల్లో అక్కడి పశువైద్యశాలకు సహాయ సంచాలకుడిగా వెళ్లాను. మండలాల్లో పనిచేసే పశువుల డాక్టర్లకు పైఅధికారిని మా శాఖలో అలా అంటారు. జనం నోట్లో మాత్రం ‘ఏడీ సారు’. హోదా పెరిగినా పని పెద్దగా మారదు. పొద్దున గేదెకు చూడి పరీక్ష, మధ్యాహ్నం మేకకు కడుపుబ్బరం, సాయంత్రం కాయితాలు. ఒక సంగతి ముందే చెప్పాలి. మేం నయం చేసిన పశువులు మమ్మల్ని ప్రేమించవు. నా చేత రెండు సూదులు పొడిపించుకున్న ఆవు ఆ తర్వాత నా స్కూటరు చప్పుడు వింటేనే పలుపు తెంపుకునేది. సర్వీసంతా ఆ చెడ్డపేరు మోస్తూ తిరిగాను.

అడవి జంతువులు మా రోజువారీ పనిలోకి రావు. అవి అటవీశాఖ అధీనంలో ఉంటాయి. దెబ్బ తగిలిన దుప్పినో నెమలినో ఇంట్లో పెట్టుకుని సాకితే, ఎంత దయతో చేసినా నేరమే. రేంజరుకు అప్పగించాలి, ఆయన మాకు కబురు పెట్టాలి, మేం వైద్యం చేయాలి. కోలుకున్నాక అది అడవిలో బతకగలదో లేదో మేమే రాసివ్వాలి. బతకగలదంటే అడవి, లేదంటే జూ. ఈ రెండు శాఖల మధ్య ఎవరూ పిలవకపోయినా అందరికన్నా ముందు వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్లే వలంటీర్లు. జీతమూ బ్యాడ్జీ లేని రకం.

గిద్దలూరులో వాళ్లకు నాయకుడు ఖాదర్ బాషా. బస్టాండు దగ్గర టైలరింగ్ దుకాణం. బావిలో నక్క పడిందని కబురొస్తే చాలు, కొలతలిస్తున్న మనిషిని చేతులు చాపిన వాణ్ని చాపినట్టే వదిలేసి బండెక్కేవాడు. పండక్కి అతని దగ్గర బట్టలు కుట్టనిచ్చినవాళ్లు ఊళ్లోకి ఏ పామూ రాకూడదని మొక్కుకునేవాళ్లు. దయ ఎంతో మాట అంతకు రెట్టింపు. నోరు మూసుకోవడం తప్ప అతనికి రాని పని లేదు.

రెండో మనిషి రమణమ్మ. కొమరోలు రోడ్డులో అటవీశాఖ నర్సరీ ఉండేది, దాని పక్క ఊరే ఆమెది. గొర్రెలూ మేకలూ ఉన్న ఇల్లు. రోహిణి కార్తె ఎండల్లో నీళ్ల కోసం కొండ దిగిన దుప్పుల మీద ఊరకుక్కలు పడితే, ఒక ఆడ దుప్పి పిల్ల తప్పించుకుని ఆమె గొర్రెల దొడ్డిలోకి దూరింది. కుక్కలను కర్రతో తరిమి ఆమె ఖాదర్ బాషాకు ఫోన్ చేసింది. అతను రేంజరుకు, రేంజరు నాకు.

వెనక తొడ మీద లోతుగా కరిచాయి. గాయం కడిగి, మందు పెట్టి, రేబిస్ టీకా వేసి, గాయాన్ని కుట్టకుండా వదిలేశాను. ఖాదర్ బాషాకు ఇది మింగుడు పడలేదు. “ఇంత చినిగిపోయింటే కుట్టు వేయకుండా వదిలేస్తారా సార్?” అన్నాడు, నేనేదో వృత్తి ధర్మం తప్పినట్టు. కుక్క పంటి గాయాన్ని మూసి కుడితే లోపల చీము పడుతుందని చెప్పాను. నమ్మినట్టు తల ఊపాడు కానీ, వెళ్లేదాకా ఆ తొడనే చూస్తూ ఉన్నాడు.

నర్సరీలో కంచె వేసిన దొడ్డి ఒకటి ఖాళీగా ఉంటే పిల్లను అందులో ఉంచారు. రోజూ పాలు పట్టే పని వలంటీర్లు తీసుకున్నారు. నేను పెట్టిన షరతులు కఠినమైనవి. జింక జాతి గాయంతో కన్నా బెదురుతో ఎక్కువ చస్తుంది కాబట్టి గుంపు చేరకూడదు, సెల్ఫీలు కూడదు. మనిషికి మాలిమి అయితే అడవికి పనికిరాదు కాబట్టి నిమరకూడదు, దాని దగ్గర మాట్లాడకూడదు, మొహం చూపించకూడదు, పేరు పెట్టకూడదు. వారం తర్వాత వెళ్లి అన్నీ పాటిస్తున్నారా అని అడిగాను. “పేరేమీ పెట్టలా సార్. ఊరికే మున్నీ అంటాండాం, అంతే” అన్నాడు ఖాదర్ బాషా.

మొహం దాచుకునే విషయంలో మాత్రం వాళ్లు నా షరతును మించిపోయారు. రమణమ్మ ఇంట్లోంచి పాత నల్ల గొంగడి తెచ్చింది. తల మీంచి మోకాళ్ల దాకా అది కప్పుకుని, పాలసీసా ఉన్న చేయి ఒక్కటే బయటపెట్టి దొడ్డిలోకి వెళ్లేవాళ్లు. మనిషి కనపడడు, మనిషి వాసన కూడా గొర్రె వాసనలో కలిసిపోతుంది. రేంజరు మెచ్చుకున్నాడు, నేనూ కాదనలేదు. ఎక్కువ పూటలు ఆ గొంగడిలో దూరింది ఖాదర్ బాషాయే. రోళ్లు పగిలే ఎండలో గొంగడి కప్పుకుని, నోరు మూసుకుని, అరగంట. ఎండ సంగతి ఎలా ఉన్నా, నోరు మూసుకున్నందుకు అతనికి బిరుదు ఇవ్వవలసింది.

వానలు పడేసరికి పిల్ల పూర్తిగా తేరుకుంది. కుంటు పోయింది. రేగాకు, తుమ్మకాయలు తింటోంది. ఖాదర్ బాషానూ మిగతా వలంటీర్లనూ కంచె బయటే ఆపి రేంజరూ నేనూ పరీక్షకు లోపలికి వెళ్తే, మమ్మల్ని చూసి దొడ్డి ఆ చివరకు పరుగెత్తింది. సంతోషించాను. అంతలో సన్నగా తుంపర మొదలైంది. కంచె అవతల గొర్రెలు తోలుకుపోతున్న ఒక ముసలాయన భుజం మీది గొంగడి తీసి నెత్తిన కప్పుకున్నాడు. అంతే, పిల్ల మాకు అడ్డంగా దూసుకొచ్చి, కంచె సందులోంచి మూతి పెట్టి, ఆయన గొంగడి అంచు నోట పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

“ఏంది సారూ ఇది? దీన్ని నేనేమన్నా కన్నానా?” అన్నాడు ఆయన, గొంగడి లాక్కుంటూ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చుట్టుపక్కల కొండల నిండా గొంగళ్లే. ప్రతి గొంగడి వెనకా రెండు కుక్కలుంటాయి, గొంగడి కప్పుకున్న ప్రతివాళ్లూ రమణమ్మలు కారు. వదిలితే ఇది మొదట కనపడ్డ కాపరి వెంట నడిచి, కుక్కల నోటికో కూర కుండకో చేరుతుంది. అడవికి పనికిరాదన్నాను. అయితే జూకు రాస్తానన్నాడు రేంజరు. ఖాదర్ బాషా దొడ్డి బయట కూడా మాట్లాడకుండా నిలబడటం అదే మొదటిసారి చూశాను.

కాసేపటికి, ఏం చేస్తే అడవికి రాసిస్తారని అడిగాడు. గొంగడి అంటే దానికి భయం పుట్టాలన్నాను. అదీ అతనే పుట్టించాలి. ఇంతకాలంలో దానికి గొంగడితో పాటు అతని నడక కూడా తెలిసిపోయింది, ఇంకొకరు బెదిరిస్తే ఆ ఒక్కర్నే తప్పుకుంటుంది.

“పాలు పట్టిన చేత్తో తరమమంటారా సార్?” అని వెళ్లిపోయాడు.

వారం దాకా మళ్లీ కనపడలేదు. అడిగితే పెళ్లిళ్ల సీజన్ అన్నాడు, జాకెట్లు అన్నాడు. ఆ వారం గిద్దలూరులో అందరి బట్టలూ చెప్పిన రోజుకే అందాయి. ఊరివాళ్లు ఆశ్చర్యపోయారు.

చివరికి జూకు రాసిన కాయితం పైకి పోతుందనగా వచ్చాడు. గొంగడి కప్పుకుని, మెడలో రేకు డబ్బా వేలాడేసుకుని, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గొంగడి చాటున దాచిన రమణమ్మ కుక్క తాడు పట్టుకుని దొడ్డిలోకి దిగాడు. పిల్ల పాలకోసం ఎదురొచ్చింది. అతను డబ్బా మీద మెల్లగా దరువు వేశాడు. అది ఇంకా దగ్గరికి వచ్చింది.

“గట్టిగ కొట్టన్నా! దాని పుట్టినరోజు చేస్తాండావా ఏంది?” అని కంచె బయటినుంచి రమణమ్మ అరిచింది.

అతను కళ్లు మూసుకుని కొట్టాడు. కుక్క గొంతు చించుకుంది. పిల్ల ఎగిరిపడి, కాళ్లు తడబడి, లేచి పొదల వెనక్కి పారిపోయింది. బయటికొచ్చి గొంగడి తీసేసరికి అతని మొహమంతా తడిగా ఉంది. చెమట అన్నాడు. ఏడ్చాడని మా అందరికీ తెలుసు. నేను కాయితాలు చూసుకుంటూ నిలబడ్డాను.

ఆ తర్వాత సీసా మాన్పించి, ఆకూ నీళ్లూ కంచె కిందినుంచే లోపలికి తోశారు. పూటపూటకూ డబ్బాతో, కుక్కతో అదే తంతు సాగించారు. కొన్నాళ్లకు గొంగడి గేటు దగ్గర కనపడితేనే పిల్ల మాయమయ్యేది. ఖాదర్ బాషా మాత్రం ఒక ఆశ మిగుల్చుకున్నాడు. “అది పరిగెత్తేది గొంగడిని చూసి సార్, నన్ను చూసి కాదు. నా మొకం దానికి తెలీదు గదా” అనేవాడు. అదీ తేల్చుకోవలసిందే, విడుదల నాడు గొంగడి లేకుండా ఒకసారి లోపలికి వెళ్లమన్నాను, పిల్ల అతని దగ్గరికి వస్తే గేటు మూసేసి జూకే రాస్తానన్నాను.

కార్తీకంలో ఒక ఉదయం విడుదల పెట్టుకున్నాం. దొడ్డికి అడవి వైపు ఉన్న గేటు తెరిచారు. దూరంగా దుప్పుల మంద మేస్తోంది. ఖాదర్ బాషా గడ్డం గీసుకుని, సొంతంగా కుట్టుకున్న కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. పెళ్లిచూపులకు కూడా అంత శ్రద్ధగా వెళ్లి ఉండడు. ఊరివైపు నుంచి ఒట్టి చేతులతో మెల్లగా లోపలికి నడిచి, వద్దన్న పనే చేశాడు. “మున్నీ” అని పిలిచాడు.

పిల్ల తలెత్తింది. చెవులు నిక్కబొడుచుకుని అతన్నే చూసింది. కదలకుండా అలాగే నిలబడింది. అది ముందుకాలు నేలకేసి తట్టి, సన్నగా కూత పెట్టి, వెనక్కి తిరిగి గేటు దాటి మందలో కలిసిపోయింది. కాలు తట్టడమూ ఆ కూతా దుప్పులు ప్రమాదాన్ని చాటే పద్ధతి. విడుదలకు తగినదని రాసి సంతకం పెట్టాను.

నన్ను తన బండి మీద ఎక్కించుకుని తిరిగొస్తూ ఖాదర్ బాషా, “ఒక్క నిమిషం నిలబడి చూసింది గదా సార్. ఎందుకంటారు?” అని అడిగాడు. ఎదురున్నది ప్రమాదమా కాదా అని తేల్చుకోవడానికి అని చెప్పాను. ఆ జవాబు అతనికి నచ్చలేదు. అప్పుడే ఎక్కడో పాము దూరిందని ఫోనొస్తే, నన్ను రోడ్డు మీదే దింపేసి ఆ కొత్త చొక్కాతోనే వెళ్లిపోయాడు.

పశువు నన్ను చూసి పలుపు తెంపుకోవడం నాకు చెడ్డపేరే అనుకుంటూ సర్వీసు గడిపాను. అడవి జంతువు దగ్గర లెక్క వేరని ఆఖరి పోస్టింగులో తెలిసింది. సాకినవాడి దగ్గరికి అది మళ్లీ వస్తే, వైద్యం ఇంకా మిగిలి ఉందని అర్థం. అతన్ని చూసి పారిపోయిన రోజున కేసు ముగించవచ్చు.