మొక్కుబడి పెయ్యకు తామర

కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది నాన్నకు ఏలూరులో ఆపరేషనైంది. ఆయన నడుచుకుంటూ ఇంటికొస్తే, మా గేదెకు పుట్టబోయే దూడను చర్చికి ఇచ్చేస్తానని అమ్మ మొక్కుకుంది. నాన్న నడుచుకుంటూనే వచ్చారు. గేదెకు పెయ్యదూడ పుట్టింది.

పెదపాడు పక్కన మా ఊళ్లో కోతల పండుగకి అందరూ కోళ్లో, ధాన్యమో చర్చికి తెస్తారు. పెయ్యను తెచ్చినవాళ్ల గురించి ఏడాదంతా చెప్పుకుంటారు. అమ్మకు ఆ ఆశ లేదని నేను అబద్ధం చెప్పను.

పండుగ మూడు వారాలుందనగా పెయ్య మెడ మీద రెండు మూడు చోట్ల గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయి బూడిదరంగు చెక్కు కట్టింది. అమ్మ చెరువుకు నీళ్లు తోడే ఇంజనులోంచి తీసిన మడ్డి ఆయిల్ పూసింది. మా వైపు పశువు ఒంటికి ఏమొచ్చినా ముందు అదే పూస్తారు. మచ్చలు తగ్గలేదు, పెయ్య మాత్రం నల్లగా నిగనిగలాడింది. మచ్చ ఉన్న పశువును దేవుడికి ఇవ్వకూడదు. ఆ పాఠం సండేస్కూల్లో పిల్లలకు చెప్పేది అమ్మే.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు ఆయిలు తుడిపించారు. మచ్చ అంచున బ్లేడుతో గీకి, ఆ పొట్టు మీద మందు చుక్కేసి, మైక్రోస్కోపులో చూసి తామరేనన్నారు. అమ్మని కూడా చూడమన్నారు. అమ్మ చాలాసేపు చూసి, ఇంత చిన్నవాటిని కూడా దేవుడే చేశాడా అని అడిగింది. ఆయన నన్ను చొక్కా చెయ్యి మడవమన్నారు. నేను చెమటకాయనుకుంటున్నది కూడా తామరేనట. నన్ను మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు.

పెయ్యను మిగతా పశువులకు దూరంగా, ఎండ తగిలేచోట కట్టాలి. చేతికి కవరు తొడుక్కుని చెక్కులు నానబెట్టి తీయాలి, వాటిని కాల్చేయాలి, రోజూ అయోడిన్ రాయాలి. వెంట్రుకలు రావడానికి రెండు నెలలైనా పడుతుందన్నారు. అమ్మ ముఖం చూడలేకపోయాను.

పండుగనాడు అమ్మ ఒట్టిచేతులతో చర్చికొచ్చింది. దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది.

"మా పెయ్యకి తామరొచ్చిందండీ. అంటుకుంటదంట. మీ దూడల్ని కూడా ఓసారి చూపించుకోండి. మడ్డాయిలు మాత్రం పుయ్యకండి."

అంత చిన్న సాక్ష్యం మా చర్చిలో అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ రెండు నెలలూ అమ్మ రోజూ పొద్దున్నే పెయ్య పక్కన కూర్చుని, దానితో మాట్లాడుతూ మందు రాసేది. ఏలూరు ఆసుపత్రిలో తన కట్టు మార్చేటప్పుడు మాత్రం ఈవిడ వరండాలోకి వెళ్లిపోయేదని నాన్న నాతో అన్నారు.

వెంట్రుకలొచ్చేశాయి. ఒక మామూలు ఆదివారం అమ్మ పెయ్యను తోలుకెళ్లి, పలుపు పాస్టరుగారి చేతికిచ్చింది. ఇచ్చిందేగానీ తనూ దాన్ని పట్టుకునే ఉంది.

"ఇంకా రోజూ మందు రాయాలండీ. మీకెందుకండీ శ్రమ, పొద్దున్నే నేనే వచ్చి రాసెళ్తానండీ" అంది.

పాస్టరుగారు సరేనన్నారు. మందు ఇక ఆపేయమని డాక్టరుగారు చెప్పి అప్పటికి పదిరోజులైంది.