బూరెకు పరిచిన నా అంగీ

ఈ వేలికి కట్టేందని పొద్దటి నుంచి అందరు అడుగుతుండ్రు గదా? ముందుగాల చాయ్ చెప్పుండ్రి, చెప్త. దీని కింద రెండు కాట్లున్నయ్. పాతది ఎలుక పెట్టింది, కొత్తది పిల్లి పెట్టింది. నవ్వకుండ్రి!

మా బిడ్డ శ్రావ్య హామ్‌స్టర్‌ను, అంటే తోక కనపడని బొద్దు ఎలుకను, సాదుతున్నది. అరచేతిల పట్టేంత ఉంటది. గింజలు కుక్కుకుంటే బుగ్గలు బూరె లెక్క ఉబ్బుతయని దాని పేరు బూరె అని పెట్టింది. నేనేమో మిర్యాలగూడల రైస్ మిల్లు సూపర్‌వైజర్‌ను. పొద్దంత ఎలుకలను తరుముడే నా పని. ఇంటికొస్తే అసొంటిదాన్నే మా పిల్ల ముద్దు చేస్తున్నది! "ఛీ, అవతల పెట్టవే దాన్ని" అనేటోణ్ణి.

ఇంతల పిల్లకు సూర్యాపేటల ఇంటర్ సీటొచ్చింది. హాస్టల్ల బూరెను రానియ్యరు.

"కోదాడల నా ఫ్రెండుకు ఇచ్చేస్త నాన్నా. అమ్మకు భయం, నీ చేతికేమో అది రాదు. ఇగ దాన్ని ఎవరు చూస్తరు?" అన్నది.

నా బిడ్డ సంగతి నాకెరికే. మా మీద బెంగతోని రోజు ఫోన్ చేసే రకం కాదు. బూరె ఇంట్ల ఉంటే మాత్రం తప్పకుండ చేస్తది. "నువ్వు పోయే లోపల నా చేతిల కూసోబెడ్త, సూడు" అని మాటిచ్చిన.

"జల్ది జల్ది చెయ్యకు నాన్నా. పై నుంచి పట్టకు, గద్ద అనుకుంటది. బోన్ల చెయ్యి పెట్టి కదలకుండ కూసో. నువ్వు తొడిగిన బట్ట ముక్క ఒకటి లోపల వెయ్యి, నీ వాసన అలవాటైతది" అని నేర్పింది.

నేను ఊకుంటనా? మిల్లు నుంచి రాంగనే అంగీ విప్పి, దాని చెయ్యి ఒకటి మొత్తం కోసి బోన్ల పరిచిన. అసలు సిసలు నా వాసన అని సంబురపడ్డ. బూరె దగ్గరికొచ్చి వాసన చూసింది. ఒళ్ళు బిగబట్టింది. ఒక్క ఉరుకు ఉరికి ప్లాస్టిక్ గొట్టంల దూరింది. బుజ్జగిద్దామని వేలు పెడితే కసుక్కున కొరికింది!

వాసన సరిపోలేదేమో అనుకున్న. తెల్లారి రెండో చెయ్యి గూడ కోసి వేసిన. ఇగ అది గొట్టంలకెల్లి బయటకే రాలె. గింజ ముట్టలె. పిల్ల మొఖం చిన్నగైంది.

"అది తింటలేదు నాన్నా. బలవంతం వద్దు. కోదాడకు ఫోన్ చేస్త."

నాకు నిజంగ ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేండ్లు ఎలుకలను భయపెట్టుడు వచ్చుగాని, ఉన్న భయం తీసుడెట్లనో నాకు తెల్వదు. నేను ఎలుకలను తరిమేటోణ్ణని గా చిన్న జీవి గూడ కనిపెట్టేసిందా అని పరేషాన్ అయిన.

అప్పుడే మా ఇంటామె సరోజ, ఆ చేతులు లేని అంగీని పారేద్దామని తీసి దులిపింది. "ఏందయ్యా, దీని నిండ గీ తెల్ల ఎంట్రుకలేంది?"

"మా మిల్లు పిల్లివి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వచ్చి నా ఒళ్ళో పండుకుంటది గదా, చేతుల మీదనే..."

అంటనే ఆగిపోయిన. మేం ఎలుకల కోసం సాదుతున్న పిల్లి! దాని వాసన పట్టిన బట్టను తెచ్చి బూరెకు పరుపేసిన!

సరోజ నవ్వి నవ్వి గోడకు ఒరిగింది. పిల్ల నవ్వలె. ఆ ముక్కలు తీసి పారేసి, బోను కడిగి, కొత్తగ కాగితం పీలికలు పరిచింది. నేను తానం చేసి, ఉతికిన బనీను తొడిగి, బోన్ల చెయ్యి పెట్టి కూసున్న. చెయ్యి తిమ్మిరెక్కింది. ముక్కు దురద పెట్టింది. మిల్లు ఓనర్ ఫోన్ చేసిండు, ఎత్తలె! చాన సేపటికి గొట్టంలకెల్లి మీసాలు కనపడ్డయ్. నా వేలు వాసన చూసి, మళ్ళ లోపలికి పోయింది.

ఇగ రోజు సాయంత్రం గదే పని. మిల్లుల పిల్లిని దగ్గరికి రానియ్యలె. పిల్ల బ్యాగు సర్దుకునే నాటికి బూరె నా అరచేతిల కూసోని పొద్దుతిరుగుడు గింజ తిన్నది. దాని గుండె టకటక కొట్టుకునుడు నా చేతికి తెలుస్తున్నది. ఊపిరి గట్టిగ తీస్తే ఎక్కడ బెదురుతదో అని నేను అట్లనే ఉన్న. పిల్ల ఇగ కోదాడ మాటెత్తలె.

మరి పిల్లి కాటేందంటరా? శ్రావ్యను హాస్టల్ల దింపొచ్చిన తెల్లారి, బూరెను ముద్దు చేసి, చెయ్యి గూడ కడగకుండ మిల్లుకు పోయిన. పాపం, ఇన్నాళ్ళు దూరం పెట్టిన అని పిల్లిని పిలిచి ఒళ్ళో కూసోబెట్టుకున్న. అది నా వేలు వాసన చూసింది. నా మొఖం చూసింది. మళ్ళ వేలు వాసన చూసింది. దాని డ్యూటీ అది చేసింది!

దవాఖానకు పోయి సూది ఏయించుకొని ఇంటికి రాంగనే పిల్ల వీడియో కాల్. నా పానం లేచొచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఫోనుకు ఎదురుంగ పెట్టి, "సూడు బిడ్డా, పిల్లి కరిచింది" అన్న. అయ్యో అంటదని ఎదురు చూస్తున్న.

"నాన్నా, చెయ్యి జర పక్కకు తియ్. ఎనకాల బూరె కనపడ్తలేదు" అన్నది.

తీసిన మరి! రేపు గూడ ఫోన్ చెయ్యాలె గదా.