చింతపండుతో తోమిన చక్రం

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో నాన్న వాడి వదిలేసిన సైకిలే నన్ను ఫ్యాక్టరీకి చేర్చేది. అది ఉన్న ఊరి చివరకు వేరే బండి లేదు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని ఫోర్‌మన్ చెప్పి ఉన్నాడు. వెనక చక్రం రిమ్ము తుప్పుపట్టి, స్పోకుల రంధ్రాల దగ్గర పలచబడింది. కొత్త రిమ్ము కోసం నగర్తపేట సైకిలు అంగళ్ళన్నీ తిరిగాను. యుద్ధం అయ్యాక రమ్మన్నారు.

ఆయుధపూజ ముందురోజు షిఫ్టు నుంచి వచ్చి కాసేపు నడుం వాల్చాను. లేచేసరికి పెరట్లో అమ్మ సైకిలు ముందు కూర్చుని ఉంది. వెనక చక్రం తెల్లగా మెరుస్తోంది.

"చూడప్పా, పూజ దీపాల కన్నా బాగుండాది. ఇన్ని దినాలు గీకితివే, పోయిందా?"

"దేంతో తోమినావమ్మా?"

"చింతపండు, ఉప్పు. ఇత్తడి చెంబుకు ఏం చేస్తామో అదే."

తుప్పు పోయిన మాట నిజమే. కానీ ఇత్తడి వేరు, ఇనుము వేరు. పైనున్న నికెల్ పూత ఎప్పుడో లేచిపోయింది. ఆ పులుపు, ఉప్పు స్పోకుల మొదళ్ళలో నిలిస్తే తెల్లారేసరికి తుప్పు మరింత ఎర్రగా తేలుతుంది. అదంతా వివరించే ఓపిక లేదు. ఆమె వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి.

చక్రం విప్పి, టైరూ ట్యూబూ తీసి, వేణ్ణీళ్ళతో కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టాను. మళ్ళీ తుప్పు పట్టకుండా ఇక కిరసనాయిలుతో తుడవాలి. అంగట్లో దొరకదు. ఇంట్లో ఉన్నది లాంతరులోదే.

"పండగ పూట చీకట్లో ఉండాల్నా?"

"రిమ్ము పోతే ఉద్యోగం పోతాదమ్మా."

ఆమె లాంతరు తెచ్చి గిన్నెలోకి ఒంపింది. "వెలుతురు ఉండంగానే తిందాం రా. చీకట్లో నాకు నోరు యాడుండాదో తెలుసు. నీ సంగతే నాకు తెలీదు."

యుద్ధం పేరు చెప్పి పండగ నాడూ పని పెట్టారు. పొద్దున్నే అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కుంకుమ తడిపి తెచ్చింది.

"హ్యాండిలుకు పెట్టమ్మా. రిమ్ముకు తడి వద్దు."

"నిన్ను మోసేది చక్రం గదప్పా," అని రిమ్ముకే పెట్టింది.

నిమ్మకాయల మీదుగా పోనిచ్చాను. దారంతా వెనక చక్రం చప్పుడే విన్నాను. నిలిచింది. ఫ్యాక్టరీ కూతకు ముందే గేటు దాటాను.

సాయంకాలం గుడ్డతో తుడుస్తుంటే స్పోకుల మొదళ్ళ దగ్గర ఎర్రగా అంటింది. కుంకుమో, తుప్పో తెలియలేదు. అంతా తుడిచి, గుడ్డ ఉతికి ఆరేశాను.