తిప్పి రాసిన లెక్క

మా చిన్నప్పుడు... అంటే మరీ పసితనం కాదులేప్పా, ఇంటర్ రెండో సంవత్సరం... ఆదివారం పొద్దున పంచలో ఇత్తనం శనక్కాయలు గుట్టగా పోసినారు. కూలికొచ్చిన ఆడోళ్ళు చుట్టూ కూర్చోని ఒలుస్తాండారు. నేను గోడకానుకోని, లెక్కల నోట్సు ముందరేసుకోని ఏడుపుమొహం పెట్టినా.

ఒకే ఒక్క అవకలన సమీకరణం... దాంట్లో వై ఘనం ఒకటి వచ్చి కూచుంది. ఎక్స్‌లు ఒకపక్క, వైలు ఒకపక్క చేద్దామంటే వీలుకాదు. రెండు పేజీలు రాసి కొట్టేసినా. సోమవారం దాన్ని బోర్డు మీద చెయ్యాల. లెక్కలు రాకుంటే డిగ్రీ మాట ఎత్తొద్దని నాయన ముందే చెప్పినాడు.

ఒలిచేవాళ్ళలో నాగవేణి కూడా ఉండాది. పోయిన నెల దాకా కాలేజీలో నా పక్కనే కూర్చునేది... సారు చెప్పకముందే పాఠం చదువుకోనొచ్చే పిల్ల. వాళ్ళ బోరు ఎండిపోయి, వాళ్ళ నాయన బెంగళూరికి పనికి పోయినంక, వాళ్ళమ్మ చదువు మాన్పించింది.

చేతులు కాయల్లోనే పెట్టుకోని నా నోట్సులోకి తొంగిచూసింది.

"ఏమే, ఎంతసేపూ వైనే పట్టుకోని ఏలాడతావా? తిప్పి రాయి. వై తెలిసిందనుకోని ఎక్స్‌ను కనుక్కో."

తిప్పి రాసినా. అబ్బా... అంత మొండి లెక్క నాలుగు లైన్లలో తేలిపాయ! ఎగిరి గంతేసినా. నాకన్నా అదే ఎక్కువ నవ్వింది.

సోమవారం బోర్డు మీద గడగడా చేసేసినా. సారు మురిసిపోయినాడు. "ఈ ఉపాయం ఎవురు చెప్పినారు పాపా?" అని అడిగినాడు.

"నేనే సార్" అనేసినా. ఎందుకన్నానో... నోట్లో నుంచి వచ్చేసింది, అంతే.

ఆ సాయంత్రమే సారు మా ఇంటికొచ్చి "ఈ పాప చదువు ఆపొద్దప్పా" అని నాయనకు గట్టిగా చెప్పిపోయినాడు. ఇంటర్ అయిపోతానే నాయన నన్ను అనంతపురంలో డిగ్రీకి చేర్పించినాడు.

ఇప్పుడు నేనే లెక్కల టీచర్‌ని. శనక్కాయలు మిషన్లు ఒలుస్తాండాయి. పిల్లోళ్ళు లెక్కను ఫోన్లో ఫొటో తీస్తే సమాధానం వచ్చేస్తాది... ఎవురినీ అడిగే పనిలేదు.

మీకు దారి చూపించి, తాము ఆడ్నే ఆగిపోయినోళ్ళు ఉంటే కింద కామెంట్లలో వాళ్ళ పేరు రాయండప్పా. సిగ్గుపడొద్దండి. నేను ఆ పొద్దు నాగవేణి పేరు చెప్పింటే... సారు వాళ్ళింటికి కూడా పోయిండేవాడు.